శిష్యుడు



ఈ రజతోత్సవ సందర్భమున విద్యను గూర్చి ఒక్కొక్కరు తమతమ విశ్వాసమునుండి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరిరి. క్రైస్తవ విశ్వాసమున జీవితాంతము విద్యార్థిగా నుండుట యెట్టిదో చెప్పుట నా వంతునకు వచ్చినది. నేను బోధకుడను గాను. కళాశాల గడప త్రొక్కినవాడను గాను. 28 సంవత్సరములుగా మన సహకార పరపతి సంఘమున చిట్టాయు ఆవర్జాయు వ్రాయుచున్నవాడను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బీరువాలనుండి వచ్చినవే. అందులో కొన్ని తప్పుగానే వచ్చియుండును. దిద్దుటకు ప్రక్కను గురువు లేడు. కాబట్టి నా యొద్దనుండి పండిత ప్రసంగమును ఆశింపవలదు. లెక్కలు వ్రాయువాడు సంవత్సరాంతమున తన నిలువ తానే చూపినట్లు, నాకు చేరినదేమో, చేరనిదేమో చెప్పెదను.

మొదట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది.

తొమ్మిదేండ్ల క్రిందట ఒక ఆదివారమున మా సంఘ కాపరిగారు ఊరలేకపోగా, వాక్యము చదువు పని నాకప్పగించిరి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయము చదివితిని. నా కంఠము మంచిదని నాకొక భ్రమ కలదు. భారతము చదివినట్లు ఒక్కొక్క సమాసమును విఱిచి, నిలిపి, గంభీరముగా చదివితిని. ఆరాధన ముగిసి వెలుపలికి రాగా వేపచెట్టు క్రింద ఒక అవ్వ నన్ను నిలిపి అడిగినది: “నాయనా, నీతిమంతులని తీర్చబడటం అని చదివావు గదా. తీర్చటమంటే బాకీ తీర్చటమా, తగువు తీర్చటమా?”

నాకు తెలియదు. అంతవఱకు ఆ మాటను ఎన్ని వందలసారులు చదివియుంటినో లెక్క లేదు. ఒక్కసారియైనను ఆ ప్రశ్న నాకు పుట్టలేదు. తెలియదని చెప్పినచో సరిపోయెడిది. కాని చుట్టును నలుగురు నిలిచియుండిరి. నేను గొంతు సవరించుకొని, “అవ్వా, అది కృపామూలకమైన నీతి సంప్రాప్తి” అంటిని. ఆమె ఒక క్షణము నా ముఖమువంక చూచి, “పెద్దమాటే నాయనా” అని కొంగు సవరించుకొని పోయినది.

ఆమె ఇప్పుడీ సభలోనే, స్త్రీలవైపున గోడ కానుకొని కూర్చుండియున్నది. పేరు చెప్పను; చెప్పినచో కోప్పడును. ఆ “పెద్దమాటే” అను మాట నన్ను చాలకాలము గ్రుచ్చినది. అందు ఎత్తిపొడుపు లేదు, అదియే బాధ. ఆమె నిజముగనే అది పెద్దమాట యనుకొన్నది. తనకర్థము కాకపోవుట తన కొఱతయే యనుకొన్నది.

ఇట్లేల జరిగినదని నన్ను నేను తడవుకొనగా ఒక సంగతి తెలిసినది. నేను 16వ యేట బాప్తిస్మపు తరగతిలో ప్రశ్నోత్తరములన్నియు కంఠస్థము చేసితిని. అడిగినవానికెల్ల తడబడక చెప్పి, నలుగురిచేత మెప్పు పొందితిని. ఆ దినముతో ఆ చదువు ముగిసినదని నాలోలోపల ఎక్కడనో ముద్ర పడినది. ఆ తరువాత నా జిజ్ఞాస యంతయు కావ్యములవైపు మఱలినది. మనుచరిత్రమున ఒక పదము తెలియకున్న శబ్దరత్నాకరము తీసి, దీపపు వెలుగున అరగంట వెదకుచుంటిని. పెద్దన వాడిన మాటకు నిఘంటువు తీసితిని గాని పౌలు వాడిన మాటకు తీయలేదు. ఒకటి విద్య యనుకొంటిని, రెండవది వచ్చినదే యనుకొంటిని. మా సంఘములో ఈ జబ్బు నా యొక్కనిదే కాదని చెప్పుటకు సాహసించుచున్నాను. బైబిలు పోటీలలో ఏ రాజు తరువాత ఏ రాజో చెప్పగల పిల్లలున్నారు; బహుమానములును వచ్చుచున్నవి. మంచిదే. కాని తెలియని మాట యెదుట ఆగి నిలుచుట వారికి మేము నేర్పలేదు. మాకే వచ్చిన గదా!

మాటలపై మోజు కలవాడను గనుక ఒక మాటతో మొదలుపెట్టెదను. శిష్య శబ్దము శాస్ అను ధాతువునుండి పుట్టినది. నేర్పదగినవాడు, దిద్దదగినవాడు అని దాని యర్థము. సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషలో దీనికి సరియైన మాట మథేతేస్ అనునది. నేర్చుకొనువాడు అని అర్థము. క్రొత్త నిబంధనలో ఈ మాట 250 సారులకు పైగా వచ్చును. క్రైస్తవుడు అను మాట మూడుసారులే వచ్చును. మొదట అంతియొకయలో ఆ పేరు పెట్టబడినది ఎవరికనగా, అప్పటికే నేర్చుకొనువారు అని పిలువబడుచున్నవారికి. పేరు తరువాత వచ్చినది, బడి ముందు వచ్చినది. ఆ బడిలో పై తరగతికి పంపివేయు పరీక్ష యేదియు నాకు కనబడలేదు.

అపొస్తలుల కార్యములలో నాకు మిక్కిలి ప్రియమైన మనుష్యుడొకడు కలడు. నా వృత్తివాడగుటయే కారణము. ఐతియొపీయుల రాణి కందాకే యొద్ద ధనాగారమంతటిపైన అధికారి. యెరూషలేమునుండి తిరిగి పోవుచు, రథములో కూర్చుండి యెషయా గ్రంథమును పైకి చదువుకొనుచుండెను. ప్రక్కను పరుగెత్తి వచ్చిన ఫిలిప్పు, చదువుచున్నది తెలియుచున్నదా యని అడిగెను. దారిన పోవు అపరిచితుడు ఒక రాజ్యపు ఖజానా అధికారిని అడుగు ప్రశ్నయా అది? కాని ఆ యధికారి కోపింపలేదు, గొంతు సవరించుకొనలేదు. ఎవడైనను త్రోవ చూపనిదే నాకెట్లు తెలియునని, ఆ పాదచారిని రథమెక్కించుకొని ప్రక్కను కూర్చుండబెట్టుకొనెను. రాణిగారి లెక్కలన్నియు చూచువాడు చెప్పగలిగిన మాటను, ఒక సహకార సంఘపు గుమాస్తా వేపచెట్టు క్రింద చెప్పలేకపోయెను.

పౌలును గూర్చియు ఒక మాట. గ్రంథాలయ సభ గనుక దీనిని విడువరాదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఆయన చెఱలో నున్నాడు. మరణము దగ్గఱపడినదని యెఱుగును. చలికాలము రాకముందే రమ్మని తిమోతిని పిలుచుచు, త్రోయలో కర్పు నొద్ద విడిచివచ్చిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరుచున్నాడు. సగము లోకము తిరిగి బోధించినవాడు, వ్రాయవలసిన పత్రికలన్నియు వ్రాసినవాడు, చావు ముందట కూర్చుండి పుస్తకములు తెమ్మనుచున్నాడు. ఆ పుస్తకములేవో పౌలు చెప్పలేదు. మన గ్రంథాలయ నియమముల ప్రకారము చూచినచో, గడువు దాటి బయట నిలిచిపోయిన పుస్తకములు!

ఇక అసలు నేను చెప్పదలచినది ఒక స్త్రీని గూర్చి. పండిత రమాబాయి జీవితమును గూర్చిన చిన్న పుస్తకము మన బీరువాలో చిరకాలముగా నున్నది. స్త్రీ విద్య కొఱకు పాటుపడిన ఆమె యని మాత్రమే యెఱిగి, దానిని నేను తెఱవలేదు. అవ్వ ప్రశ్న యడిగిన మఱుసటి సంవత్సరము తెఱచితిని.

రమాబాయి 1858లో పడమటి కనుమల యడవిలో గంగామూల అనుచోట జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీకి సంస్కృతము చెప్పరాదను ఆచారము బలముగా నున్న కాలమున ఆయన భార్యకు సంస్కృతము నేర్పెను. అందుకై తనవారి వ్యతిరేకతకు గుఱియై అడవి చేరెను. ఆ తల్లి కూతునకు నేర్పెను. కుటుంబమంతయు తీర్థములు తిరుగుచు పురాణములు చదువుచు జీవించెడివారు. 1870 తరువాతి సంవత్సరములలో కఱవు పట్టినప్పుడు వారు మన తెలుగు దేశమునకే, తిరుపతికి, చేరియుండిరి. చివరి గింజయు అయిపోగా, నలుగురి యెదుట చేయి చాచుటకంటె చచ్చుట మేలని అక్కడి యడవిలో ప్రవేశించిరి. పదునొకండు దినములు నీళ్లును ఆకులును అడవి ఈతపండ్లును తిని బ్రతికిరని ఆమెయే వ్రాసికొనెను. 1874లో తండ్రి మరణించెను. కొలదికాలముననే తల్లియు, అక్కయు పోయిరి. మిగిలిన అన్నయు తానును దేశమంతయు కాలినడకను తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అక్కడి పండితులు ఆమెను పరీక్షించి పండిత యనియు, సరస్వతి యనియు బిరుదములిచ్చిరి. అప్పటికామెకు ఇరువదేండ్లు. మనలో ఎవనికైన ఆ వయసున సరస్వతి యను బిరుదము వచ్చినచో, ఇక నేర్వవలసినదేమున్నదని కూర్చుండెడివారము. నేనైతే తప్పక కూర్చుండెడివాడను.

ఆమె కథ అక్కడనే మొదలైనది. కలకత్తాలో క్రైస్తవులు ఆమెకు సంస్కృత బైబిలు ఇచ్చిరి. చదివినది గాని తలకెక్కలేదు. అది తానెఱిగిన సంస్కృతమువలె లేదు. సంస్కృతమున సరస్వతి యనిపించుకొన్న యామెకు సంస్కృత గ్రంథము తెలియలేదు! ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనితో పని కలదు. ఆ దినములలోనే కేశవచంద్ర సేన్ ఆమెకొక వేదగ్రంథమిచ్చి చదువుమనెను. స్త్రీ వేదము చదువరాదని నమ్మి యంతవఱకు ఆమె తాకలేదు. చదివినకొలది ప్రశ్నలు పుట్టినవి.

1880లో ఆమె విపిన్ బిహారీ మేధావి యను వంగదేశపు న్యాయవాదిని కులాంతర వివాహము చేసికొని అస్సాములోని సిల్చారునకు పోయెను. ఆ యింట తన పుస్తకములలో ఒకనాడు వంగభాషలోని లూకా సువార్త చిన్న ప్రతి కనబడినది. అదెట్లు అక్కడికి వచ్చినదో తనకు తెలియదని ఆమె వ్రాసెను. గ్రంథాలయముల మహిమ యిదియే గదా. ఎవడో ఎక్కడనో పెట్టినది, ఎప్పుడో ఎవరి చేతికో వచ్చును. 1882లో భర్త మరణించెను. చేత పసిబిడ్డ. 1883లో వైద్యము చదువవలెనని ఇంగ్లండు వెళ్లగా, వినికిడి మాంద్యము వలన ఆ చదువు సాధ్యము కాలేదు. ఆ సంవత్సరమే వాంటేజి పట్టణమున బాప్తిస్మము పొందెను.

మా ప్రశ్నోత్తరముల తరగతివారు ఇక్కడ కథ ముగింతురు. ఆమె ముగింపలేదు. తనకు బోధించిన సన్యాసిని జెరాల్డీనుతోను, తాను చదువుచు బోధించుచు నుండిన చెల్టన్‌హాం కళాశాల అధ్యక్షురాలు డొరొతియా బీల్‌తోను పత్రికలలో వాదములు సాగించెను. త్రిత్వమన నేమి? సంఘము పెట్టిన విశ్వాస ప్రమాణమును సంఘము చెప్పినదను కారణముననే యొప్పుకొనవలెనా? శిలువపై లాటిను మాటలేల, మా సంస్కృతమున కేమి తక్కువ? ఆ యుత్తరములు 1977లో గ్రంథముగా ప్రకటింపబడినవి. కొందఱికామె అవిధేయురాలుగా తోచెను, గర్విష్ఠిగా తోచెను. నాకట్లు తోచలేదు. తెలియనిదానిని తెలిసినట్లు ఒప్పుకొనుట ఆమెకు చేతకాలేదు, అంతే. నాకు బాగుగా చేతనైన విద్య అది.

1883లో తాను క్రైస్తవ మతమును కనుగొంటినే గాని క్రీస్తును కనుగొనలేదనియు, అందుకు మఱి యెనిమిదేండ్లు పట్టినదనియు ఆమె పిమ్మట సాక్ష్యమిచ్చెను. ఈ మాట నన్ను నిద్రపోనీయలేదు. ఆ యెనిమిదేండ్లలో ఆమె అమెరికా తిరిగినది, పుస్తకము వ్రాసినది, 1889లో బొంబాయిలో విధవల కొఱకు శారదా సదనము స్థాపించినది. లోకమంతయు ఆమెను క్రైస్తవ విదుషీమణి యనుచుండగా, ఆమె తన లెక్కలో ఆ పద్దునింకను వసూలు కానిదిగానే వ్రాసికొన్నది.

పూనా దగ్గఱ కేడ్గాములో ముక్తి సదనము. 1896–97 కఱవులో ఆమె మధ్య పరగణాలకు పోయి, దిక్కులేని స్త్రీలను వందలకొలది తెచ్చి అక్కడ చేర్చెను. తిరుపతి యడవిలో ఆకులు తిన్న పిల్లకు కఱవన నేమో ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ స్త్రీలకు చదువు చెప్పుచు బైబిలు చదివించగా, అప్పుడు వాడుకలోనున్న మరాఠీ బైబిలు వారికి తెలియలేదు. సంస్కృత పదములు మెండు. కలకత్తాలో సంస్కృత బైబిలు తెఱచి తెలియక మూసినది ఆమెకు జ్ఞాపకము వచ్చియుండునా? నేను లెక్కలవాడను, మనసులోనిది చెప్పలేను. ఆమె చేసినది మాత్రము చెప్పగలను. నలుబదియైదేండ్లు దాటిన పిమ్మట, చెవులు సరిగా వినబడకపోయినను, వందలమంది అన్నవస్త్రముల భారము తలపై నున్నను, హెబ్రీ భాషయు గ్రీకు భాషయు అక్షరములనుండి నేర్చుకొనుటకు కూర్చుండెను. మూలములనుండి మరాఠీలోనికి, పల్లెస్త్రీకి తెలియు మాటలలోనికి, బైబిలునంతయు మరల అనువదింప మొదలుపెట్టెను. వందలకొలది శ్లోకములు నోటికి వచ్చిన సంస్కృత పండితురాలు, సంస్కృతపు మాట కలముదాకా వచ్చినపుడు ఆపి, దానికి బదులు బావియొద్ద వినబడు మాటను వెదకుచు గడపిన సంవత్సరములవి. నేర్చుకొనుటకంటె, నేర్చినదానిని ప్రక్కకు పెట్టుట కష్టము. పద్యము వ్రాయువారికి ఇది తెలియును.

సదనపు స్త్రీలే అక్షరములు కూర్చిరి, వారే తమ ముద్రాలయమున అచ్చువేసిరి. 1921లో ఆమె యేకైక కుమార్తె మనోరమ చనిపోయెను. తల్లి పని నిలుపలేదు. అనువాదము పూర్తిచేసి 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూసెను. సంపూర్ణ గ్రంథము ఆమె పోయిన పిమ్మట వెలువడినది. ఆ యనువాదము సంఘములలో విస్తారముగా వ్యాపింపలేదని కూడ చెప్పవలెను. లాభనష్టముల పట్టీ వేయువారికి ఇది నష్టపు పద్దు. నేనా పట్టీ వేయదలచుకొనలేదు.

ఇక్కడ నా సొంత గోడు కొంచెము చెప్పుకొనెదను. నేను భారతము చదువుచున్నందులకు మా వారిలో కొందఱు, “నీకా పుస్తకములతో ఏమి పొత్తు?” అనిరి. పద్యము చదువగా విన్న వేఱొకరు, “నీకీ పద్యములతో ఏమి పొత్తు?” అనిరి. ఇరువురి మాటయు ఒకటే. దిక్కులు మాత్రము వేఱు. ఈ బాధ మిక్కిలి పాతదని జెరోము చరిత్ర చదివిన తరువాత తెలిసి ఊరట కలిగినది. నాలుగవ శతాబ్దమున లాటిను బైబిలునకు పాటుపడిన ఆ మహానుభావుడు యౌవనమున సిసెరో గ్రంథములన్న చెవి కోసికొనెడివాడు. జ్వరముతో పడియుండగా కల వచ్చినది: న్యాయపీఠము ముందట, నీవు క్రైస్తవుడవు గావు, సిసెరోవాడవు అని దెబ్బలు పడినవి. ఇక ఆ పుస్తకములు ముట్టనని ప్రమాణము చేసెను. వృద్ధాప్యమున ప్రత్యర్థియైన రూఫినస్, ఇతడు ప్రమాణము తప్పి పాత కవులను ఉదాహరించుచున్నాడని ఆక్షేపింపగా, అది కల గదా, చిన్ననాడు నేర్చినది ఎట్లు మఱతునని జవాబు చెప్పెను! ఆ జవాబులో కొంత తప్పించుకొనుట లేకపోలేదు. కాని ఆ మనుష్యుడే సిరియా యెడారిలో, లాటినున అంతటి దిట్ట యయ్యును, ఒక యూదుని యెదుట కూర్చుండి హెబ్రీ అక్షరములు నేర్చెను. కంఠమును గీచు ఆ శబ్దములకు విసిగి విడిచి, మరల పట్టెను. తరువాత బేత్లెహేములో మఱియొక యూద గురువు ఇతరులకు భయపడి రాత్రివేళ వచ్చి చెప్పుచుండగా చదివెను. తెలుగున మన జాషువ మహాకవి ఉండనే యున్నాడు. ప్రబంధముల వెలుగును సువార్త వెలుగును ఒక్క దీపమున పోసి వ్రాసిన ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. పొత్తేమని అడిగినవారికి ఇప్పుడు నేను జవాబు చెప్పుట మానితిని.

నా 52వ యేట గ్రీకు అక్షరములు మొదలుపెట్టితిని. గురువెవరనగా, మన యూరి కూలిబిడ్డయే, వేదాంత కళాశాలలో చదివి వచ్చిన యువకుడు. ఆ పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో నుండగా సాయంకాలములు ఈ గ్రంథాలయపు అరుగుమీదనే నేనతనికి గజేంద్రమోక్షము చెప్పితిని. ఉచ్చారణ తప్పినపుడు “ఒరే, మరల చదువు” అని గదిమెడివాడను. ఇప్పుడతడు, “గుమాస్తాగారూ, ఇంకొకసారి చదవండి” అని మర్యాదగా చెప్పుచున్నాడు. గదిమినను బాగుండెడిది. 24 అక్షరములు పట్టుటకు నాకు రెండు మాసములు పట్టినది. క్రియారూపములు నేటికిని పూర్తిగా పట్టుబడలేదు. పలక మీద వ్రాసికొనుచుండగా చదువుకొనుటకు వచ్చిన పిల్లలు చూచి నవ్విరి. ఒకడు మాత్రము ప్రక్కను కూర్చుండి తానును ఆల్ఫా వ్రాసెను. వాని ఆల్ఫా నాదానికంటె బాగున్నది.

ఈ రెండేండ్ల కూలికి నాకు దొరికినది పెద్దది కాదు, రెండు మాటలు. వాటినే ఈ సభలో అప్పగింపదలచితిని. అధ్యక్షులు క్షమింపవలెను, ఇక మీదట నేను ఒక్కరితోనే మాటలాడుదును, తక్కినవారు వినవచ్చును.

అవ్వా, తొమ్మిదేండ్ల క్రిందట నీవడిగినదానికి నేను చెప్పినది జవాబు కాదు. అప్పుడు నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని. నీవు రెండు తీర్చుటలు చెప్పితివి. పౌలు అక్కడ వాడిన మాట న్యాయస్థానపు మాట. నలుగురి యెదుట తగవు తీర్చునప్పుడు పెద్దమనిషి ఒకనివైపు చూపి, ఇతనిమీద తప్పు లేదని తీర్పు చెప్పునే, అట్టిది. కాబట్టి నీ రెండవ మాట సరియైనది. ఆ పూట చుట్టును నిలిచిన మా యందఱికంటె నీవే దగ్గఱగా వచ్చితివి.

నీ మొదటి మాటయు పోలేదు. తరువాతి అధ్యాయమున అబ్రాహామును గూర్చి, అతని నమ్మిక నీతిగా ఎంచబడెనని యున్నది. ఆ ఎంచుట గ్రీకున లెక్కలవారి మాట. నీవు సంఘమున రూపాయలు కట్టినపుడు నేను నీ పేరిట జమ వ్రాయుదును గదా, ఆ వ్రాయుటకు వాడెడి మాట. నా మాటయే అవ్వా! ముప్పది యేండ్లకు దగ్గఱగా చేతిలో త్రిప్పుచున్న మాట పవిత్ర గ్రంథములో నుండగా నేను గుర్తుపట్టలేదు. పనిచేసినవానికి కూలి యిచ్చుట బాకీయే గాని దయ కాదని పౌలు అక్కడనే చెప్పుచున్నాడు. నీవు నాట్లు వేసితివి, కూలి నీకు రావలెను. ఇక్కడ అట్లు కాదట; కట్టనివాని పేరిట జమ వ్రాయబడినదట.

ఇది చదివి నేను చాల కలవరపడితిని. రసీదు లేనిదే జమ వ్రాసినచో తనిఖీలో నా యుద్యోగము పోవును. ఆ సొమ్మెక్కడనుండి వచ్చినది, ఎవరి ఖాతాలో ఖర్చు పడినది? ఫిలేమోనునకు పౌలు వ్రాసిన చిన్న పత్రికలో కొంత దారి దొరికినది. ఒనేసిము అను దాసుడు యజమానికేమైన బాకీపడియున్నచో దానిని నా లెక్కలో వ్రాసికొనుమని, నేనే తీర్చెదనని, తన చేతితోనే వ్రాసి యిచ్చుచున్నాడు. మన సంఘములో దీనిని జామీను అందుము. నీ మనుమని అప్పునకు నీవు వ్రేలిముద్ర వేసితివే, అట్టిది. క్రీస్తు మనకు ఆ విధముగా నిలిచెనని పౌలు భావమని తోచుచున్నది. ఇక్కడివఱకు నా గురువును అడిగి సరిచూచుకొంటిని.

దీని తరువాత అయిదవ అధ్యాయమున కొన్ని పంక్తులు నాకింకను తెలియలేదు. నీకు కంటిచూపు తగ్గినదని విన్నాను. ఆదివారము ఆరాధన యయినపిమ్మట వేపచెట్టు క్రింద నేను చదివెదను. నెమ్మదిగా, భారతము చదివినట్లు కాక, మామూలుగా చదివెదను. తెలియని మాట వచ్చినచోట నన్ను ఆపుము.